తిలా పాపం తలా పిడికెడు: పిడికిలి ఎవరిది?

చీపురుపల్లి నుంచి:
ఈ నెల కరెంటు బిల్లులో వాడిన యూనిట్ల కింద మళ్లీ సర్దుబాటు ఛార్జీ. చూసి మా ఆవిడ "తిలా పాపం తలా పిడికెడు" అంది. అప్పట్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. నువ్వులైతే 'తిల' కదా, ఆ దీర్ఘం ఎక్కడిది? పెద్ద వాడకందార్ల కోసం వేసే లైన్ల ఖర్చు వాళ్ల దగ్గరే రాబట్టాలని, కరెంటు రేట్లు ఖరారు చేసే ఈఆర్సీకి (విద్యుత్ నియంత్రణ మండలికి) అభ్యంతరం రాస్తున్నాను. ఈ సామెతతోనే మొదలుపెడదామని. తప్పు పోకూడదు.

బొబ్బిలి నుంచి:
'తలా'కి జోడుగా వచ్చిన దీర్ఘమే మేస్టారూ, అందులో తగువు లేదు. నా అనుమానం రెండో మాట మీద. మా ఇంట్లో 'తలో పిడికెడు' అనేవారు.

పాలకొండ నుంచి:
'తలో'లో 'ఒక' కలిసి ఉందని నేననుకుంటాను. గంపెడు, బుట్టెడు, పిడికెడు అన్నప్పుడు ఆ ఒకటి ముందే ఉంది. మళ్లీ ఎందుకు? తలా అనే రాయండి.

రాజాం నుంచి:
మీరంతా తల పట్టుకున్నారు, చెయ్యి వదిలేశారు. మా నాయనమ్మ కొత్త నువ్వులు వేయించి చేటలో పోసి "తలా పిడికెడు తీసుకోండర్రా" అనేది. నా గుప్పిట్లో పట్టేవి నాలుగు గింజలు. మా పెద్దన్నయ్య చెయ్యి పెడితే చేటలో గుంట పడేది. ఎవరి పిడికిలి వారిదే. సామెత అందరికీ సమానమనడం లేదు, చెయ్యి కొలదీ అంటోంది.

చీపురుపల్లి నుంచి:
అమ్మా, ఇన్నేళ్లూ నేను దాన్ని తలసరి లెక్కే అనుకున్నాను. నా అభ్యంతరానికి కావలసిన అర్థం ఇదే.

గరివిడి నుంచి:
ఫర్నేసు దగ్గర పనిచేసినవాణ్ణి, ఒక మాట. ఉక్కు తయారీలో వాడే ఫెర్రో మాంగనీసు టన్నుకి రెండున్నర నుంచి మూడు వేల యూనిట్లు లాగుతుంది. పెద్ద పిడికిలే. కానీ హెచ్‌టీ వాళ్లు, అంటే హై టెన్షన్ లైను తీసుకున్న ఫ్యాక్టరీలు, యూనిట్ల రేటు కాక లోడుని బట్టి కేవీఏ లెక్కన డిమాండ్ ఛార్జీ కూడా కడుతున్నారు. మన ఇళ్ల రేటు తక్కువగా ఉండటానికి వాళ్ల రేటులోంచీ కొంత వస్తోంది. అది రాయకపోతే అన్యాయం. అసలు భయం కొత్తగా వచ్చే భారీ లోడుతో. వాళ్లు అడిగారని సబ్‌స్టేషన్ కడతాం, తీరా వాళ్లు అంత వాడకపోతే ఆ ఖర్చు ఎవరి నెత్తిన? అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఒక కరెంటు కంపెనీ పరిధిలో 2025 జులైలో దీనికి కట్టు వేశారు. 25 మెగావాట్లు దాటిన కొత్త డేటా సెంటర్, తాను అడిగినదాంట్లో కనీసం 85 శాతానికి 12 ఏళ్ల వరకు కట్టాలి, వాడినా వాడకున్నా. విశాఖకి డేటా సెంటర్లు వస్తున్నాయి, మనమూ ముందే అడగాలి.

బొబ్బిలి నుంచి:
విజయనగరం పక్కన ఉండి గురజాడని తలవరేం? 'సొంత లాభం కొంత మానుకు'తో మొదలుపెట్టండి. 'మానుకొని' అని మాత్రం దిద్దకండి. మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రల నడక. అది పెడితే ఒక మాత్ర ఎక్కువవుతుంది.

రాజాం నుంచి:
తర్వాతి పాదం 'పొరుగువారికి' కదండీ?

పాలకొండ నుంచి:
'వాడికి'. అచ్చులో అదే ఉంది. 'వారికి' అన్నా నాలుగు మాత్రలే, నడక చెడదు. అందుకే నోళ్లలో మారిపోయింది. అయినా ఒక్క మనిషిని చూపించే 'వాడు' వేరు.

బొబ్బిలి నుంచి:
ఒప్పుకోను. బడిలో మా మేస్టారు 'వారికి' అనే చెప్పించారు. రేపు పుస్తకం తీసి చూస్తాను.

చీపురుపల్లి నుంచి:
చూడండి. ఈలోగా, 'పిడికెడు'కి చెయ్యి కొలదీ అన్న అర్థం ఏ నిఘంటువులోనైనా దొరికితే చెప్పండి. కాగితం పంపాలి.