డీడీ 214 సవరణకి 293 నింపాలా, 149 నింపాలా? తల తిరిగిపోతోంది

ప్లేనో శ్రీను: మూడు గంటలైంది కూర్చుని, మొదటి పేజీ కూడా దాటలేదు. మా పక్కింటి పెద్దాయన్ని గే అని తెలిసి మిలిటరీ నుంచి పంపించేశారట, ఇప్పుడు డీడీ 214లో (మిలిటరీ వదిలేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ కాగితం) రికార్డు సరిచేయించుకుంటానని నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఒకచోట 293 ఫారం అంటారు, ఇంకోచోట 149 ఫారం అంటారు. ఏదో ఒక్కటి చెప్పండి బాబూ.

ఫారాల పిన్ని: ఏ సంవత్సరం? ఆర్మీనా, నేవీనా?

రిటైర్డ్ హవల్దార్: ముందు మాట సరిచేసుకోండి. డిశ్చార్జ్ వేరు, డిస్మిస్ వేరు. మన దగ్గర 2018లో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలు నేరం కాదని 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చినా ఆర్మీ యాక్ట్‌లో అనుచిత ప్రవర్తనకి శిక్ష వేసే 45, 46 సెక్షన్లు అలాగే ఉన్నాయి, సైన్యానికి దాని పద్ధతి దానికి ఉంటుంది, ఇవేవీ తెలియకుండా...

ప్లేనో శ్రీను: సార్, ఇది అమెరికా సంగతి.

కర్నూలు కుర్రాడు: 2024 జూన్‌లో బైడెన్ అందరికీ క్షమాభిక్ష పెట్టేశాడుగా, ఇంకా ఫారం ఎందుకన్నా?

ఫారాల పిన్ని: అందరికీ కాదు. 1951 నుంచి 2013 మధ్య మిలిటరీ చట్టంలో స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసిన ఆర్టికల్ 125 కింద కోర్టుమార్షల్‌లో శిక్ష పడినవాళ్ళకి. వాళ్ళకైనా డిశ్చార్జ్ దానంతట అది మారదు, విడిగా అప్లై చేసుకోవాల్సిందే. శ్రీనూ, సంవత్సరం!

కర్నూలు కుర్రాడు: అసలు తప్పే చేయనివాళ్ళకి క్షమాభిక్ష ఏంటి? వాళ్ళే ఈయన్ని క్షమాపణ అడగాలి.

రిటైర్డ్ హవల్దార్: అది చట్టంలో మాట బాబూ, నువ్వూ నేనూ మార్చేది కాదు.

ప్లేనో శ్రీను: 1987, నేవీ. కోర్టుమార్షల్ లేదట. కానీ ఈయన కాగితంలో కారణమే లేదు పిన్నిగారూ, కింద భాగమే లేదు.

ఫారాల పిన్ని: అది మెంబర్-1, అంటే పొట్టి కాపీ. మెంబర్-4, అంటే పూర్తి కాపీ కావాలి, అందులో 24వ గడిలో డిశ్చార్జ్ రకం, 28లో కారణం ఉంటాయి. లేకపోతే సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రానికి రాయండి.

కర్నూలు కుర్రాడు: అక్కడ 1973లో అంతా తగలబడిపోయిందిగా?

ఫారాల పిన్ని: అవి ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ ఫైళ్ళు. పైగా ఈయనది 1987.

ప్లేనో శ్రీను: ఇంకో కాపీ ఉందా అని అడిగితే లోపలికెళ్ళి పావుగంట రాలేదు. నాలుగు మడతలు పెట్టిన కాగితం తెచ్చారు. 24లో జనరల్ అని, 28లో ‘హోమోసెక్సువాలిటీ’ అని టైపు కొట్టి ఉంది. ముప్పై ఏడేళ్ళు ఎక్కడ ఉద్యోగానికి వెళ్ళినా ఆ సగం కాపీయే చూపించారట.

ఫారాల పిన్ని: అయితే 149. 293 డిశ్చార్జ్ అయి పదిహేనేళ్ళు దాటనివాళ్ళకి. 149కి మూడేళ్ళ గడువని కనబడుతుంది, టెన్షన్ పడకండి, ఆలస్యాన్ని రికార్డులు సరిచేసే బోర్డు మన్నించొచ్చు, ఎందుకు ఆలస్యమైందో రెండు ముక్కలు రాయించండి. 2011లో గేలు మిలిటరీలో బయటపడి ఉండకూడదన్న నిషేధం ఎత్తేసినప్పుడే, కేవలం ఈ కారణంతో పంపేసి వేరే రిమార్కు లేకపోతే మామూలుగా ఒప్పుకోవాలని బోర్డులకి సూచన వెళ్ళింది. 24లో జనరల్ పోయి దానికంటే పై మెట్టు ఆనరబుల్ అవుతుంది, 28లో ఆ పాత కారణం బదులు ‘సెక్రటేరియల్ అథారిటీ’ అని పడుతుంది. మెంబర్-4 కాపీ జత చేయడం మర్చిపోవద్దు.

రిటైర్డ్ హవల్దార్: రిమార్కు లేదని ఆయన చెప్తే సరిపోతుందా?

ఫారాల పిన్ని: ఫైల్లో ఉంటుంది సార్.

ప్లేనో శ్రీను: సంతకం పెట్టేశారు. ప్రింటర్‌లో ఇంకు అయిపోయింది, రేపు పోస్ట్ చేస్తాం. థాంక్స్ పిన్నిగారూ.

రిటైర్డ్ హవల్దార్: ఇంతకీ డిశ్చార్జ్‌కి తెలుగులో ఏమంటారో ఎవరూ చెప్పలేదు.