అప్‌డేట్: టీ వార్మర్ పెడితే మౌస్ ఆగిపోయే సమస్య తీరింది

సాయం చేసిన అందరికీ థ్యాంక్స్. కొత్తగా చూసేవాళ్ల కోసం: ల్యాప్‌టాప్‌కు చిన్న యూఎస్‌బీ హబ్ (ఒక పోర్టును చాలా పోర్టులుగా చేసే డబ్బా) తగిలించి దానికి మౌస్, బుల్లి ఫ్యాన్, టీ కప్పు వేడిగా ఉంచే ప్లేటు పెట్టాను. ప్లేటు ఆన్ చేయగానే మౌస్ ఆగిపోయేది, ఫ్యాన్ నీరసంగా తిరిగేది.

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర రిపేర్ షాపు అన్న కరెంటు కొలిచే ఓ బుల్లి మీటర్ మధ్యలో పెట్టి చూశాడు. ప్లేటు ఒక్కటే 1 ఆంపియర్ దాకా లాగుతోంది. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లే, అంటే అర ఆంపియర్. హబ్‌కు సొంత అడాప్టర్ లేదు కాబట్టి ఆ కాస్తనే అన్నీ పంచుకోవాలి. ఇక్కడ ఒకరు చెప్పినట్టు అడాప్టర్ ఉన్న హబ్ కొన్నాను, మౌస్ మళ్లీ ఆగలేదు. ప్లేటును మాత్రం పాత ఫోన్ చార్జర్‌కు మార్చేశాను.

డ్రైవర్లు మళ్లీ వేయడం, వైరస్ స్కాన్, విండోస్ అప్‌డేట్... వీటికీ దీనికీ సంబంధమే లేదు. మదర్‌బోర్డు పోయిందేమోనన్న టెన్షన్ కూడా దండగే.

అన్నట్టు, ఆ ప్లేటు టీని వేడి చేయదు, గోరువెచ్చగా ఉంచుతుందంతే. "మన ఎండలకు ఇదెందుకు సార్?" అన్నాడు షాపు అన్న. ఫ్యాన్ మాత్రం బంగారం.