చెరువు మట్టిలో మంచుయుగం నాటి వానలు తెలుస్తాయా?

ప్రశ్న (ఆత్మకూరు రైతు):
ఈ ఎండాకాలం మా చెరువులో పూడిక తీస్తుంటే నాలుగు ట్రాక్టర్లు పొలానికి తోలించుకున్నా. జేసీబీ తవ్విన చోట చూస్తే పైన నల్లమట్టి, మధ్యలో బెత్తెడు ఇసుక చార, దాని కింద మళ్లీ జిగట మట్టి. ఇట్లాంటి మట్టి చూసే 20,000 ఏళ్ల కిందటి వానలు చెప్తారంట నాన్నా అని మావాడు అంటున్నాడు. నిజమా? మట్టిలో వాన ఎట్లా కనిపిస్తుంది? మన కంభం చెరువులోనో పులికాట్‌లోనో చూడొచ్చా?

జవాబు 1:
నిజమే అన్నా. వాన కనపడదు, పుప్పొడి కనపడుతుంది. దాని పైతొక్క ఎంత గట్టిదంటే గాలి సోకని బురదలో వేల ఏళ్లు చెడకుండా ఉంటుంది, మైక్రోస్కోపులో పెడితే గడ్డిదా చెట్టుదా చెప్పేయొచ్చు. చెట్లవి తగ్గి గడ్డివి పెరిగాయంటే కరువు అనుకోవచ్చు. వయసుకి ఆకుముక్కల్లో కార్బన్ 14 (కాలంతో పాటు తరిగిపోయే ఒక రకం కార్బన్) కొలుస్తారు. అది 5,730 ఏళ్లకి సగమవుతుంది, 50,000 ఏళ్లు దాటితే కొలిచేంత మిగలదు. జపాన్‌లో సుయిగెత్సు అనే సరస్సులో ఏటా ఒక లేత పొర, ఒక ముదురు పొర పడ్డాయి, చెట్టు వలయాల్లా లెక్కపెట్టారు.

జవాబు 2:
కంభం వదిలేయండి, విజయనగర రాజుల కాలంలో కట్టింది, మంచుయుగం ముగిసి 11,700 ఏళ్లయింది. పైగా మన చెరువులు ఎండి నెర్రెలిస్తే పైమట్టి కిందికి జారుతుంది, గేదెలు తొక్కుతాయి, ఇక జేసీబీ సంగతి చెప్పక్కర్లేదు. పులికాట్ సంగతి ఇంకా తమాషా. 20,000 ఏళ్ల కిందట నీళ్లు ఉత్తరాన మంచుగడ్డలై కూర్చుంటే సముద్రమే 120 మీటర్లు దిగిపోయింది, ఇప్పుడు ఫ్లెమింగోలు నిలబడే చోట అప్పుడు ఎండునేల. మహారాష్ట్రలో ఉల్క పడి ఏర్పడిన లోణార్ సరస్సులో మాత్రం దాదాపు 11,000 ఏళ్ల వానల చరిత్ర తీశారు, అదీ మంచుయుగం దాకా పోలేదు.

జవాబు 3:
మొదటి జవాబుకి చిన్న సవరణ. గడ్డి పుప్పొడి పెరిగితే కరువే అనుకుంటే బోల్తా పడతాం. మంచుయుగంలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ కూడా బాగా తక్కువ, అది చెట్లకంటే గడ్డికే కలిసొస్తుంది. అందుకే నత్తగుల్లల్లో ఆక్సిజన్, ఆకుల మైనంలో హైడ్రోజన్ బరువు రకం ఎంత, తేలిక రకం ఎంత అని కూడా చూసి సరిపోల్చుకుంటారు. గుల్లలతో వయసు కట్టేటప్పుడూ జాగ్రత్త, సున్నపురాయి నీళ్లలో పెరిగినవైతే ఉన్నదానికంటే పాతవిగా లెక్క వస్తుంది.

ఆత్మకూరు రైతు:
అర్థమైంది, థాంక్స్. మావాడు ఆ ఇసుక చార ముక్కని హార్లిక్స్ సీసాలో పెట్టుకున్నాడు, ఏ తుఫానుదో కనుక్కుంటాడంట.