ట్యూరిన్ 2006: ఒక్కసారి పడితే 1 నుంచి 7కి ఎలా జారారు?

ఫిగర్ స్కేటింగ్ స్కోరింగ్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ఇటలీ ఐస్ డాన్స్ జంట బార్బరా ఫూసర్-పోలి, మౌరీజియో మర్గాలియో 2001లో ప్రపంచ ఛాంపియన్లు, 2002 ఒలింపిక్స్‌లో కాంస్యం. తర్వాత పోటీలు మానేసి, సొంతగడ్డ మీద ఒలింపిక్స్ అని 2006లో తిరిగొచ్చారు. మొదటి రౌండ్ కంపల్సరీ డాన్స్ అయ్యేసరికి 1వ స్థానం. రెండో రౌండ్ ఒరిజినల్ డాన్స్ ఇంకొన్ని సెకన్లలో ముగుస్తుందనగా లిఫ్ట్‌లో (అతను ఆమెను ఎత్తి పట్టుకునే విన్యాసం) పడ్డారు, 7కి జారారు. చివరికి 6.

పడినందుకు కోత 1 పాయింటే అని రూల్స్‌లో చదివాను. ఆ లెక్కన ఇంత కిందికి పోవడం నాకు మింగుడుపడటం లేదు. వీడియోలు వెతికితే అన్నీ ఆమె అతన్ని గుడ్లురిమి చూసే దగ్గరే మొదలవుతున్నాయి (ఆ చూపు పగవాడికి కూడా వద్దు!). లిఫ్ట్ మాత్రం పూర్తిగా కనబడదు. స్కోర్ షీట్ తెరిస్తే ఆ కోడ్‌లు, జడ్జిల అంకెలు చూసి తల తిరిగింది.

అప్పటి రూల్స్ ప్రకారం ఐస్ డాన్స్‌లో లిఫ్ట్ మధ్యలో పడితే, ఆ 1 పాయింటుతో పాటు లిఫ్ట్‌కి రావాల్సిన మార్కులు కూడా మొత్తం పోయేవా?