వీధిలో షాపులన్నీ కలిసి ఊరికి ఏదైనా చేయాలంటే ఎక్కడ మొదలెట్టాలి? మేం చందాల దగ్గరే ఆగిపోతున్నాం

కౌంటర్‌వెనక

అందరికీ నమస్తే. మా వీధిలో చిన్నా పెద్దా కలిపి నలభై దాకా షాపులున్నాయి. ఎవరికి వాళ్లం ఏదో ఒకటి చేస్తూనే ఉంటాం, కాకపోతే ఎవరు ఏం చేస్తున్నారో పక్క షాపువాడికి కూడా తెలీదు. పోయినేడు స్కూళ్లు తెరిచినప్పుడు ముగ్గురం వేర్వేరుగా వెళ్లి ఒకే స్కూల్లో నోటుపుస్తకాలు పంచాం. ఆ మూడోవాణ్ణి నేనే. నేను వెళ్లేసరికి హెడ్మాస్టరుగారి గది మూలలో కట్టలు కట్టలుగా పేర్చి ఉన్నాయి, ఆయన మొహమాటానికి "ఉంచండి, వచ్చే ఏడాదికి పనికొస్తాయి" అన్నారు. రెండు వీధుల అవతల ఉన్న ఇంకో స్కూలుకి ఎవరూ పోలేదని తర్వాత తెలిసింది.

సరే, ఇలా కాదు, అందరం కలిసి ఒక నిధి పెట్టుకుందాం అనుకున్నాం. మీటింగులో చేతులెత్తినవాళ్లు ముప్పైమంది పైనే. తీరా రసీదు పుస్తకం పట్టుకుని తిరిగితే పదకొండు రసీదులు చిరిగాయి. మిగతావాళ్లు "రేపు రా", "మా అన్నయ్య వచ్చాక చెప్తా". చివరికి ఆ పదకొండుమంది డబ్బుతోనే బస్టాపు దగ్గర లైట్లు వేయించి "వీధి వ్యాపారులందరి సౌజన్యంతో" అని ఫ్లెక్సీ కట్టాం. ఆ "అందరి" అన్న మాట దగ్గర మొదలైంది గొడవ. డబ్బు కట్టినవాళ్లలోనే నలుగురు గ్రూపులోంచి వెళ్లిపోయారు.

మళ్లీ మొదలెట్టాలని ఉంది. కట్టనివాళ్లతో ఏం చేయాలి, డబ్బు ఎవరి దగ్గర ఉండాలి, అసలు ఏ పని ఎత్తుకోవాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి. "ఐకమత్యమే బలం" టైపు సలహాలు వద్దు, మీటింగులో బోలెడు విన్నాను.

పాతచిట్టా

మీ పోస్టు చదువుతుంటే మా సంఘం గుర్తొచ్చి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆరేళ్లు కోశాధికారిగా చేశాను కాబట్టి డబ్బు సంగతి మాత్రం చెప్తాను.

మాకు గొడవ వచ్చింది ఎవరో డబ్బు తినేశారని కాదు, పైసా పోలేదు. లెక్క రాసేది నేను, పుస్తకం నా డ్రాయర్లో ఉండేది, ఎవరైనా అడిగితే చూపించేవాణ్ణే, కానీ అడిగితే అనుమానించినట్టు ఉంటుందని ఎవరూ అడగరు కదా. ముందు అడగరు, వెనకాల గుసగుసలు. ఒకరోజు విసుగొచ్చి ఆ రోజు పేజీ ఫొటో తీసి గ్రూపులో పడేశాను. ఇక అక్కణ్ణుంచి రోజూ షట్టర్ దించేముందు అదే పని: వచ్చింది ఎంత, పోయింది ఎంత, మిగిలింది ఎంత, మూడు లైన్లు. రెండు నెలల్లో గుసగుసలు ఆగిపోయాయి. విచిత్రం ఏంటంటే ఆ ఫొటోలు తెరిచి చూసినవాళ్లు కూడా పెద్దగా లేరు. బ్యాంకు ఖాతా సంఘం పేరు మీదే ఉండాలి, ఇద్దరి సంతకాలు పడితేనే డబ్బు బయటికి రావాలి, ఆ ఇద్దరూ బంధువులు కాకూడదు (ఇది మాకెలా తెలిసొచ్చిందో ఇక్కడ చెప్పను).

ఫ్లెక్సీ మీద పేర్లు మాత్రం వద్దే వద్దు. మేం ఒకసారి వేస్తే ఒకాయన పేరు ఆఖరి వరుసలో పడింది, పైగా స్తంభానికి కట్టేటప్పుడు ఆ వరుస కాస్తా లోపలికి మడతపడింది. ఆయన రెండేళ్లు నాతో మాట్లాడలేదు.

మ్యాపులపిచ్చి

కట్టనివాళ్ల బాధ మీ ఒక్క వీధిదే కాదన్నా. కెనడాలోని టొరంటోలో బ్లూర్ వెస్ట్ విలేజ్ అని ఒక షాపుల వీధి ఉంది. 1968లో మెట్రో లైను అక్కడిదాకా పొడిగించారు. అంతకుముందు ట్రాముల్లో షాపులు చూసుకుంటూ పోయే జనం ఒక్కసారిగా భూమి కిందికి పోయారు, మిగిలినవాళ్లను కొత్తగా వచ్చిన మాల్స్ లాక్కున్నాయి. షాపులవాళ్లు చందాలేసుకుని వీధిని బాగుచేసుకుందాం అనుకున్నారు. లైటు పెడితే కట్టనివాడి గుమ్మం ముందు కూడా వెలుగుతుంది, ఇక వాడెందుకు కడతాడు? అచ్చం మీ కథే. చివరికి వాళ్లు ప్రభుత్వాన్ని పట్టుకుని చట్టం తెచ్చుకున్నారు. ఆ హద్దు లోపల వ్యాపారం చేసేవాళ్లందరూ కట్టాల్సిందే, నగరపాలక సంస్థే వసూలు చేసి ఆ వీధి వ్యాపారుల కమిటీకి ఇచ్చేస్తుంది. 1970లో మొదలైంది, ప్రపంచంలో ఈ తరహా ఏర్పాటుకి అదే మొదటిది అంటారు. ఇప్పుడు బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ అనీ ఇంకోటనీ రకరకాల పేర్లతో చాలా దేశాల్లో ఉన్నాయి.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. తప్పనిసరి చేస్తే డబ్బు వస్తుంది, కానీ ఆ డబ్బు ఎక్కువగా పూలకుండీలకీ బెంచీలకీ సెక్యూరిటీకీ పోతుంది, అంటే షాపులకు జనం రావడానికి. వీధి మెరిస్తే అద్దెలు పెరుగుతాయి, అప్పుడు ముందు ఖాళీ చేసేది చిన్న షాపువాడే. ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లను తరిమేస్తున్నారని అమెరికాలో ఇలాంటి సంఘాల మీద విమర్శలు గట్టిగానే వచ్చాయి. అందుకని వీధి బాగు, ఊరి బాగు రెండూ ఒకటే అనుకోకండి. మీరు వేయించిన లైట్లు ఏ ఖాతాలోకి వస్తాయో మీరే ఆలోచించుకోవాలి. బస్టాపు దగ్గర కాబట్టి సగం సగం అనుకుంటా.

దుప్పట్లమూల

నేను అటువైపు మనిషిని, అంటే మీలాంటివాళ్లు ఇచ్చేది పుచ్చుకునే వైపు. ఒక నైట్ షెల్టర్‌లో వాలంటీరుగా చేస్తున్నాను. చలి మొదలవగానే ఒకే వారంలో దుప్పట్లు వచ్చి పడతాయి, ఎవరు చూసినా దుప్పట్లే. పెట్టడానికి చోటు లేక ఇద్దరు పడుకునే మూలని స్టోరు రూం చేసేశాం. అదే వారం బాత్రూంలో కుళాయి విరిగితే బయటి నుంచి బకెట్లతో నీళ్లు మోశాం. ప్లంబింగ్ సామాను అమ్మే షాపు నాలుగడుగుల దూరంలోనే ఉంది, ఆ షాపాయన కూడా దుప్పట్లే ఇచ్చి వెళ్లారు! ఆయన్ని ఏమీ అనలేను. మేమూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

షాపులవాళ్ల దగ్గర డబ్బు కాకుండా మాకు అక్కరకొచ్చేవి చాలా ఉంటాయండీ. గోడౌన్‌లో ఒక మూల, మధ్యాహ్నం ఖాళీగా నిలబడి ఉండే డెలివరీ బండి, పొద్దుపోయేదాకా వెలిగే లైటు, ఒక బాత్రూం. నవ్వకండి. రోటరీ క్లబ్ తెలుసు కదా, 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మొదలెట్టింది. వ్యాపారులూ వృత్తులవాళ్లూ పరిచయాలు పెంచుకుని ఒకరికొకరు పని ఇప్పించుకోవడమే మొదట్లో వాళ్ల ఉద్దేశం. ఊరి కోసమని వాళ్లు ఎత్తుకున్న తొలి పని ఏంటంటే, 1907లో నగరం నడిమధ్య పబ్లిక్ మరుగుదొడ్లు కట్టించడం. అడ్డుపడింది ఎవరనుకున్నారు? బీరు తయారుచేసేవాళ్ల సంఘం, పెద్ద పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు. మగవాళ్లకి బార్లలో ఉన్నాయి, ఆడవాళ్లకి మా స్టోర్లలో ఉన్నాయి, ఇంకెందుకు అని వాళ్ల వాదన. లోపలికొచ్చినవాళ్లు ఊరికే పోరు కదా, ఏదో ఒకటి కొంటారు, అదీ సంగతి! రోటరీవాళ్లు వెనక్కి తగ్గకుండా కట్టించారనుకోండి.

నిధి సంగతి తర్వాత, ముందు ఆ రెండో స్కూలుకి వెళ్లి రండి. వెళ్లి "ఏం కావాలి" అని మాత్రం అడక్కండి, మొహమాటానికి నోటుపుస్తకాలే అంటారు. "ఈమధ్య ఏ పని ఆగిపోయింది" అని అడగండి.

తిరకాసు

చందా అడక్కుండా డబ్బు పుట్టించినవాళ్లు కూడా ఉన్నారు. జర్మనీలో బవేరియా ప్రాంతంలో 2003లో ఒక టీచరు, తన విద్యార్థులు కలిసి స్కూలు ప్రాజెక్టుగా కీమ్‌గావర్ అనే స్థానిక కరెన్సీ (ఆ ప్రాంతం షాపుల్లో మాత్రమే చెల్లే డబ్బు) మొదలెట్టారు. ఒక యూరోకి ఒక కీమ్‌గావర్. మార్చుకున్న మొత్తంలో 3 శాతం ఆ కొనేవాడు ఎంచుకున్న లాభాపేక్ష లేని సంఘానికి పోతుంది. షాపువాడు దాన్ని మళ్లీ యూరోలుగా మార్చుకోవాలంటే 5 శాతం కోత, అందుకని మార్చుకోకుండా ఇంకో స్థానిక షాపులోనే ఖర్చుపెడతాడు.

అలాగని మీరు నోట్లు ముద్రించమని చెప్పట్లేదు, అన్ని ఊళ్లలో అది నిలబడదు కూడా. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఇలాంటిదే బ్రిస్టల్ పౌండ్ 2012లో వచ్చింది, అప్పటి మేయరు జీతం మొత్తం అందులోనే తీసుకున్నాడు, అయినా 2021కి మూసేశారు. నాకు అందులో నచ్చింది ఒక్కటే: డబ్బు ఎవరికి పోవాలో కొనేవాడు చెప్తాడు. నెలలో ఒకరోజు అమ్మకాల్లో కొంత పక్కన పెట్టి, ఎక్కడికి పోవాలో కౌంటర్ దగ్గర కస్టమర్లనే టిక్ పెట్టమనండి. సంఘంలో పెద్దమనుషుల మధ్య "మా వాళ్ల స్కూలు", "మీ వాళ్ల స్కూలు" గొడవ సగం తగ్గుతుంది. సగమే.

కౌంటర్‌వెనక

అందరికీ థ్యాంక్స్. ఇవాళ పొద్దున్నే ఆ రెండో స్కూలుకి వెళ్లొచ్చాను. దుప్పట్లమూల గారు చెప్పినట్టే అడిగితే ఆవిడ, అంటే హెడ్మిస్ట్రెస్, ఏమీ మాట్లాడకుండా లైబ్రరీ గదికి తీసుకెళ్లి చూపించారు. కిటికీ రెక్క ఊడిపోయింది, వాన నీళ్లు పడి అడుగు షెల్ఫు ఉబ్బిపోయింది, పుస్తకాలన్నీ గోనెసంచుల్లో కట్టి స్టాఫ్ రూంలో పెట్టారు. నాలుగు నెలలుగా పిల్లలు లైబ్రరీ మొహం చూడలేదట.

మా వీధిలో హార్డ్‌వేర్ షాపు ఉంది, అద్దాల షాపు ఉంది, చెక్కపని చేసేవాళ్లు ఇద్దరున్నారు. ఆ నలుగురిలో ఒక్కరు కూడా పోయినసారి చందా కట్టలేదు. హార్డ్‌వేర్ ఆయన దగ్గరికైతే నేనే రసీదు పుస్తకంతో మూడుసార్లు వెళ్లాను. ఇవాళ కిటికీ ఫొటో చూపిస్తే, "కొలతలేవి?" అన్నాడు. నేను తీసుకోలేదు. తిట్టి, టేపు చేతికిచ్చి మళ్లీ పంపించాడు.

ఆదివారం పదింటికి పని పెట్టుకున్నాం. ఫ్లెక్సీ లేదు. కిటికీ ఎత్తులో ఉంది, పెద్ద నిచ్చెన మాత్రం ఇంకా దొరకలేదు.

పాతచిట్టా

నిచ్చెనకి పెయింటర్లని అడగండి. ఇంకో మాట, డబ్బు కాకుండా సామాను ఇచ్చినా రసీదు రాయండి, బందులూ మేకులతో సహా. ఈ ఏడాది చివర్లో "నేనేం ఇవ్వలేదా" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.