కరెంటు పోయొచ్చాక లినక్స్ బాక్స్ బూట్ మధ్యలోనే రీసెట్ అయిపోతోంది

గుణుపురం నుంచి ప్రశ్న:
సీసీ కెమెరాల రికార్డింగ్‌కి ఫ్యాన్ లేని ఇండస్ట్రియల్ మినీ పీసీ, ఉబుంటు. కరెంటు పోయొస్తే లోగో దగ్గర ఆగిపోతోంది, కాసేపటికి దానంతటదే రీసెట్, మళ్లీ లోగో. వాచ్‌డాగ్ (సిస్టమ్ బిగుసుకుపోతే రీసెట్ చేసే టైమర్) ప్యాకేజీ వేసే ఉంది. షాపులో ర్యామ్ మార్చమంటున్నారు. ఏటి చెయ్యాల అన్నా?

రాయగడ:
ర్యామ్ కొనకు తమ్ముడూ. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, పవర్ నొక్కిన దగ్గర్నుంచి రీసెట్ దాకా ఎన్ని సెకన్లో రెండు మూడు సార్లు చూడు. ప్రతిసారీ ఒకే లెక్క వస్తే అది టైమర్ పని. ర్యామో అడాప్టరో వేడో అయితే అంత కచ్చితంగా రాదు. తర్వాత గ్రబ్ (లినక్స్ లోడ్ అయ్యే ముందు వచ్చే) మెనూలో బాణం కీ నొక్కి అక్కడే ఆపు. అక్కడా అదే టైముకి రీసెట్ అయిందంటే లినక్స్ తప్పు కాదు, అదింకా మొదలే కాలేదు. బయాసే (పవర్ నొక్కగానే ముందు నడిచే బోర్డు ప్రోగ్రామ్) వాచ్‌డాగ్ టైమర్ ఆన్ చేసి వదిలేస్తోంది.

ఆగడం ఎక్కడో తెలియాలంటే గ్రబ్‌లో 'ఇ' నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్లో క్వయట్, స్ప్లాష్ తీసేసి ఎఫ్10 నొక్కు. చివరి లైను ఇక్కడ పెట్టు.

గుణుపురం:
రెండు చోట్లా 120 సెకన్లే. చివర్లో రికార్డింగ్ డిస్కుకి ఎఫ్‌ఎస్‌సీకే (డిస్కులో తప్పుల చెకింగ్) నడుస్తోంది, శాతం మధ్యలో ఉండగానే రీసెట్.

బరంపురం:
దొరికింది. వాచ్‌డాగ్ డీమన్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) లేచేది డిస్కులన్నీ మౌంట్ అయ్యాకే, అంటే వాటి ఫోల్డర్లకి తగులుకున్నాకే. ఈలోగా టైమర్‌కి పింగ్ (బతికే ఉన్నానన్న సంకేతం) ఇచ్చేవాడు లేడు. 120 సెకన్లకి అది చెకింగ్‌ని తెంపేస్తుంది, మళ్లీ బూట్, మళ్లీ మొదట్నుంచి చెకింగ్. ఇది ఎన్నటికీ తేలదు.

ముందు బయాస్‌లో వాచ్‌డాగ్ డిసేబుల్ చేసి, యూపీఎస్ మీద పెట్టి చెకింగ్ పూర్తి కానివ్వండి. తర్వాత ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసుండే ఫైలు) ఆ డిస్కు ఆప్షన్లలో నోఫెయిల్ చేర్చండి. అప్పుడు బూట్ దాని కోసం ఆగదు, చెకింగ్ వెనకాల నడుస్తుంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది: డిస్కు మౌంట్ కాకముందే రికార్డింగ్ మొదలైతే వీడియోలన్నీ ఖాళీ ఫోల్డర్లో పడి రూట్ డిస్కు నిండిపోతుంది. రికార్డింగ్ సర్వీస్ ఫైల్లో రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అని ఆ ఫోల్డర్ పాత్ ఇవ్వడం మరవద్దు.

ఇక డబ్ల్యూడీసీటీఎల్ (వాచ్‌డాగ్ వివరాలు చూపే కమాండ్) కొట్టి, ఐడెంటిటీ దగ్గర ఏముందో చూడండి. ఐటీసీవో అని ఉంటే అది ఇంటెల్ చిప్‌సెట్‌లోని టైమర్. ఇలాంటి బాక్సుల్లో బయాస్ నడిపే టైమర్ చాలాసార్లు సూపర్ ఐఓ అనే వేరే చిప్‌లో ఉంటుంది, ఒకదానికి పింగ్ ఇస్తే రెండోదానికి తెలియదు. ఐటీఈ కంపెనీ చిప్ అయితే ఐటీ87 డబ్ల్యూడీటీ డ్రైవర్ కావాలి. ఉబుంటు ఈ డ్రైవర్లని బ్లాక్‌లిస్టులో పెడుతుంది, అంటే వాటంతటవే లోడ్ కావు. చేత్తో మోడ్‌ప్రోబ్ కమాండ్ కొడితే లోడ్ అవుతుంది, రీబూట్‌కి మాయం. ఈటీసీ డిఫాల్ట్‌లోని వాచ్‌డాగ్ ఫైల్లో వాచ్‌డాగ్ మాడ్యూల్ లైన్లో పేరు రాస్తే డీమనే లోడ్ చేసుకుంటుంది. సిస్టమ్‌డీలో (సర్వీసులన్నీ మొదలుపెట్టే ప్రోగ్రామ్) రన్‌టైమ్ వాచ్‌డాగ్ కూడా ఆన్ చేస్తే మాత్రం గొడవే: ఆ డివైజ్‌ని ఒక్కరే తెరవగలరు, రెండోవాడికి బిజీ అని వస్తుంది.

రాయగడ:
ఒక్క మాట. ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌కి జర్నల్ (మార్పుల చిట్టా) ఉంది కాబట్టి కరెంటు పోయినా మామూలుగా సెకన్లలో తేలిపోవాలి. అంతసేపు శాతం నడుస్తోందంటే చాలావరకు తప్పులు దొరికినట్టే. స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో డిస్కు ఆరోగ్యం చూడు. పెండింగ్ సెక్టార్లు (డిస్కు చదవలేకపోతున్న చోట్లు) సున్నా కాకపోతే, ర్యామ్‌కని దాచిన డబ్బు కొత్త డిస్కుకి పెట్టు.