కొత్త ఊసరవెల్లి పగలే కళ్లు మూసుకుంటోంది
మాది అమలాపురం. దుబాయ్ వెళ్తూ స్నేహితుడు ఇచ్చిన వీల్డ్ కెమీలియన్, మగది, ఏడాది వయసు. మన కంచెల మీద తిరిగేది కాదు, యెమెన్ వైపు జాతి. పరివేష్ (విదేశీ జంతువుల్ని నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్) కాగితాలున్నాయి.

వచ్చి 9 రోజులు. మొదటిరోజు దాంతో వచ్చిన కీచురాళ్లు రెండు తింది, అంతే. బొద్దింకలు, మందార ఆకులు పెట్టాను. ఒక కన్ను తిప్పి చూసి కొమ్మ వెనక్కి జారుకుంటుంది. చేలో మిడతలు పురుగుమందు భయంతో పెట్టలేదు. ఆకుల మీద నీళ్లు చిలకరిస్తే నాకుతోంది. ఒళ్లు నల్లబడింది, మూడు రోజులుగా మధ్యాహ్నమే కళ్లు మూస్తోంది.

వల పంజరం 4 అడుగుల ఎత్తు, యూవీబీ (అతినీలలోహిత కాంతి) లైటు 12 గంటలు, వేడి దీపం కింద 30 డిగ్రీలు. తంటా అంతా తేమతోనే: ఈ వానలకి పగలు కూడా 80 శాతం దిగట్లేదు. ఫ్యాన్ పెట్టాను, చిలకరింపు తగ్గించాను, మూడు వైపులా గుడ్డ కప్పాను. ఇక్కడి పశువుల డాక్టరు గేదెల్నే చూస్తారు.

ఇది కొత్తచోటు బెదురా, తేమవల్ల ఊపిరితిత్తుల జబ్బా, ఎలా తేల్చుకోవాలి?